నీలం అట్ట, ఎర్ర సిరా

మార్చి 4

అక్కా,

ఈ కాగితం మూలన ఉన్న గుండ్రటి ముద్ర చూసి కంగారుపడకు. ఇక్కణ్ణుంచి బయటికి వెళ్ళే ప్రతి ఉత్తరం మీదా, లోపలికి వచ్చే ప్రతి ఉత్తరం మీదా అది పడుతుంది. ఆ ముద్ర వేసే ఆవిడను మేమంతా ముద్ర మేడం అంటాం. విప్పి, చదివి, ఆ తర్వాతే వేస్తుంది. కాబట్టి బావ మీద చాడీలు రాయాలనుకుంటే ఇంకొకరు కూడా వింటారని గుర్తు పెట్టుకో.

నేను బాగానే ఉన్నాను. గదిలో ఆరుగురం. నా మంచం కుళాయి పక్కన. అది కారుతూ ఉంటుంది. నిమిషానికి ఇరవై రెండు చుక్కలు. కొలవకుండా ఉండలేకపోవడం నా జబ్బని నువ్వు ఎప్పుడూ అనేదానివి కదా.

నీకు తలా ఒక మాట చెప్పి ఉంటారు. జరిగింది ఇది. మన కంపెనీ కార్లు అమ్మాలంటే ముందు పొగ పరీక్షలో గెలవాలి. ఆ పరీక్ష జరిగేది నేను పనిచేసే గదిలోనే. కారు ముందు చక్రాలను రెండు రోలర్ల మీద నిలబెట్టి నడుపుతాం. చక్రాలు తిరుగుతాయి, కారు మాత్రం అంగుళం కూడా కదలదు. వెనక పొగగొట్టానికి నేనొక పైపు తగిలించి, ఎంత విషవాయువు వస్తోందో కొలిచి, కాగితం అడుగున సంతకం పెడతాను. ఇప్పుడు ప్రభుత్వం వాళ్ళు ఏమంటున్నారంటే, అవే కార్లు రోడ్డెక్కాక ఆ కాగితంలో ఉన్నదానికి ఎన్నో రెట్లు విషం వదులుతున్నాయని. గత సోమవారం ముగ్గురు అధికారులు వచ్చి కంప్యూటర్లకు సీలు వేశారు. కాగితాల మీద సంతకం ఎవరిదని అడిగారు. నాదే అన్నాను. రెండు రోజుల్లో నన్ను ఈ జైలుకు తెచ్చారు. మా ల్యాబు పెద్దసారు ఆ రోజు సెలవులో ఉన్నారు.

కంపెనీవాళ్ళు నా తరఫున ఒక లాయరును పెట్టారు. చాలా మర్యాదగా మాట్లాడతాడు. "నువ్వు మా అమ్మాయివి, నిన్ను వదిలేస్తామా" అన్నాడు. ఆయన మీకు కూడా కనబడతానన్నాడు.

నా రెండో కళ్ళజోడు, ఒక సబ్బు, పాత దుప్పటి పంపు. కొత్తది వద్దు, ఇక్కడ కొత్తవాటికి కాళ్ళొస్తాయి.

కుళాయి పక్క నుంచి,
నీ చెల్లి

మార్చి 15

ఏమే చెల్లీ,

ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. నవ్వావంటే ఊరుకోను. గంటకి పన్నెండు సీటు తొడుగులు కుట్టే చెయ్యి, కలం పట్టుకుంటే వణుకుతోంది. మిషనుకైతే సూది అదే నడుస్తుంది, దీన్ని నేనే నడపాలి కదా.

క్షేమమని రాయడం ఉత్తరాల్లో ఆనవాయితీ అని నువ్వే నేర్పావు. ఈసారికి అది వదిలేస్తున్నా.

షెడ్డులో పక్క మిషను పొట్టిది ఏమందో తెలుసా? "మీ చెల్లి ఫోటో పేపర్లో పడిందటగా, బాగా వచ్చింది" అంది, కుడుతూ కుడుతూ, నా వైపు చూడకుండానే. "అవునే, నీ మొహం అయితే పొట్లం కట్టడానిక్కూడా వాడరు" అన్నా. అందరూ నవ్వారు. నేను బాత్రూంలోకి పోయి ఏడ్చి వచ్చా. మీ బావ సంగతి సరే సరి. స్టాఫు బస్సు నడిపే మనిషి కదా, "మా బస్సే నయం, నల్లగా వదిలితే వదిలానని ఊరందరికీ చూపిస్తుంది, మీ చెల్లి కార్లలాగా దొంగ ఊపిరి వదలదు" అంటాడు. నేను కంచం ఎత్తా విసరడానికి. ఖాళీ కంచంలే.

లాయరు వచ్చాడు. స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళు తాగాడు. మంచివాడిలానే ఉన్నాడు. నీ గురించి చాలా అడిగాడు. ఏమైనా కాగితాలు, పుస్తకాలు ఇంటికి తెచ్చుకునేదా అన్నాడు. నాకేం తెలుసు? "మా చెల్లి చిన్నప్పట్నుంచీ కనబడిందల్లా రాసిపెట్టుకునే రకం సారూ, ఎండ ఎంత కాసిందో కూడా రాసుకునేది" అని గొప్పగా చెప్పా. ఆయన నవ్వి అదేదో తన పుస్తకంలో ఎక్కించుకున్నాడు. నీకు మంచి జరుగుతుందనే చెప్పా.

నువ్వు ఏ పాపం ఎరగవని నాకు తెలుసు. అమ్మ పోయినప్పుడు నువ్వు ఇంతున్నావు. నిన్ను పెంచింది నేను. నువ్వేంటో నాకు తెలియదా? వాళ్ళెవరో చేసి నీ నెత్తిన రుద్దారు. నువ్వు అదే చెప్పు. ఎవరడిగినా అదే చెప్పు.

కళ్ళజోడు, సబ్బు, దుప్పటి పంపాను. దుప్పటి అంచు చిరిగితే కుట్టాను. అది సీటు కుట్టు, ఏనుగు లాగినా రాదు.

నీ అక్క

మార్చి 24

అక్కా,

దుప్పటి అందింది. కుట్టు చూసి పక్క మంచం ఆవిడ, "మీ అక్క కారు కుట్టిందా, దుప్పటి కుట్టిందా" అంది.

నువ్వు రాసిన ఒక మాట దగ్గర ఆగిపోయాను. నేను ఏ పాపం ఎరగనని రాశావు. అక్కా, నాకు తెలుసు. ముద్ర మేడం ఇది చదువుతుంది. చదవనీ, నేను చేసిన పని దాచుకోవాలని లేదు.

చేరిన రెండో నెలలో ఒక సాయంత్రం నాకు అనుమానం వచ్చింది. రోలర్ల మీద అంత శుభ్రంగా ఉండే కారు, గేటు దాటుతుంటే గొంతులో మంట పుట్టించింది. డ్రైవరు బాబాయిని బతిమాలి, డిక్కీలో కొలిచే పెట్టె పెట్టుకుని, అదే కారును ఊరి చుట్టూ తిప్పించాను. పద్నాలుగు రెట్లు వచ్చింది. పెట్టె చెడిపోయిందేమోనని ఇంకోటి తెచ్చాను. మళ్ళీ పద్నాలుగే.

తర్వాత అర్థమైంది. ఆ కారులో విషాన్ని విరిచే మందునీళ్ళ ట్యాంకు ఒకటుంటుంది. పొగలోకి ఆ నీళ్ళు చల్లితే విషం విరుగుతుంది. కానీ ఎక్కువ చల్లితే ట్యాంకు త్వరగా ఖాళీ అయి, కొన్నవాడు మాటిమాటికీ నింపించుకోవాలి. అందుకని కారు లోపలి కంప్యూటరుకు ఒక ఉపాయం నేర్పారు. చక్రాలు తిరుగుతూ స్టీరింగు అసలు కదలకపోతే, తను పరీక్ష గదిలో ఉన్నానని అది తెలుసుకుంటుంది. అప్పుడు ధారాళంగా చల్లుతుంది. స్టీరింగు కదిలిందా, రోడ్డు మీద ఉన్నట్టే. ఇక పిసినారితనం మొదలు.

అది నేర్పింది నేను కాదు. కానీ తెలిశాక కూడా రెండు వందల ఆరు కాగితాల మీద సంతకం పెట్టాను. ఎందుకు పెట్టావంటే ఏం చెప్పను? మన ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టిన మొదటి మనిషిని నేను. ఆ తెల్లకోటు, ఆ కుర్చీ, తలుపు మీద నా పేరు. అవి పోతాయని భయపడ్డాను. అంతే, అంతకన్నా పెద్ద కారణం లేదు. ఇప్పుడు ఆ కార్లు నీ షెడ్డు ముందు నుంచి కూడా పోతుంటాయి. నువ్వు కుట్టిన సీట్లలో కూర్చుని, నేను సంతకం పెట్టిన పొగ వదులుతూ.

ఇక మీదట తప్పుడు కాగితం మీద సంతకం పెట్టనని నాకు నేను మాట ఇచ్చుకున్నాను. నేను చేసింది ఒప్పుకుంటాను, చేయించినవాళ్ళ సంగతీ చెబుతాను.

లాయరుతో జాగ్రత్త. మొన్న నాతో "కుళాయి పక్కన నిద్ర పడుతోందా అమ్మా" అన్నాడు. కుళాయి సంగతి నేను నీకు తప్ప ఎవరికీ రాయలేదు. నా ఉత్తరాలు ఎక్కడెక్కడ తిరిగి వస్తున్నాయో తెలియదు. అందుకే ఒక ముఖ్యమైన విషయం ఇందులో రాయడం లేదు. నువ్వు ములాఖత్‌కు రా. ఒక్క పది నిమిషాలు చాలు. ఎంత త్వరగా వస్తే అంత మంచిది.

చెల్లి

ఏప్రిల్ 6

చెల్లీ,

నీ ఉత్తరం చదివా. ఎవరు రాయించారే నీతో అది? కొట్టారా? నిద్రపోనివ్వలేదా? "నాకు తెలుసు, నాకు తెలుసు" అని చిలక పలుకులు. నువ్వు రాసే మాటలు కావవి. మీ బావ మాత్రం రెండుసార్లు చదివించుకుని విని, "అది దాని మాటేనేమో" అన్నాడు. ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

రాలేకపోయాను. సెలవు అడిగితే షెడ్డు సూపర్‌వైజరు, "జైలుకీ కోర్టుకీ తిరిగేవాళ్ళ మిషను ఖాళీగా ఉంచను, వేరేవాళ్ళని కూర్చోబెడతా" అన్నాడు. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. వచ్చే నెల చూద్దాం అంటున్నాడు.

ఇక అసలు సంగతి. లాయరు మళ్ళీ వచ్చాడు. ఈసారి మంచినీళ్ళు కూడా అడగలేదు. నీ ట్రంకుపెట్టె చూపించమన్నాడు. "ఆడపిల్ల బట్టల పెట్టెలో మీకేం పని సారూ" అన్నా. మొహం మాడ్చుకుని, రేపో మాపో పోలీసులు వచ్చి వాళ్ళే తెరుస్తారు అనేసి పోయాడు. ఆయన అటు పోగానే తలుపేసుకుని పెట్టె తీశా. బట్టల అడుగున ఉంది, నీలం అట్ట పుస్తకం.

నాకు చదువు నేర్పింది నువ్వేగా, పలక మీద కాదు, నీ నోటు పుస్తకాల్లోనే. నీ రాత అయితే కూడబలుక్కుంటా. రెండు రాత్రులు కూర్చుని చదివా. ఏ పేజీ తిప్పినా అదే. రోలరు మీద సరిపోయింది. రోడ్డు మీద పద్నాలుగు రెట్లు. సంతకం పెట్టాను. రోడ్డు మీద పదకొండు రెట్లు. సంతకం పెట్టాను. నీ చేత్తో నువ్వే రాసుకున్నావు కదే పిచ్చిదానా! అక్కడక్కడా మధ్యలో ఎర్ర సిరాతో ఎవరో పంతులు దిద్దినట్టు రాసి ఉంది. అది గొలుసు రాత, నాకు చీమల బారులా కనబడింది. నీది కాని రాత నాకు రాదు. అయినా నీది చదివాక అదెందుకు?

ఇది వాళ్ళ చేతికి చిక్కితే నువ్వు ఇంకేం చెప్పినా నమ్ముతారా?

కాల్చేశా. స్నానానికి నీళ్ళు కాచే పొయ్యిలో, ఒక్కో కాగితం చింపి. అట్ట త్వరగా అంటుకోలేదు, కొంచెం కిరసనాయిలు పోయాల్సి వచ్చింది. బూడిద కూడా మొక్కల కుండీలో కలిపేశా. ఇప్పుడు నీ మీద నీ చేతి రాత ఒక్క ముక్క లేదు. రమ్మను పోలీసుల్ని. ఇల్లంతా వెతుక్కోమను.

ఇన్ని రోజులకు నీ కోసం ఒక పని చెయ్యగలిగా. కాస్త అన్నం తిను. ధైర్యంగా ఉండు.

అక్క

ఏప్రిల్ 17

అక్కా,

ఈ ఉత్తరం మీద ముద్ర ఉండదు. ఈ రోజు విడుదలయ్యే పక్క మంచం ఆవిడ తన దుప్పటి మడతలో పెట్టుకుని తెస్తోంది. చదివాక చింపెయ్.

ముందుగా ఒక మాట. పుస్తకం కాల్చావని ఎవరితోనూ అనకు. బావతో కూడా. కేసులో ఉన్న కాగితాన్ని కాల్చడం నేరం. నీ ఉత్తరం ముద్ర మేడం చేతిలో పడ్డప్పుడు నువ్వు అదృష్టవంతురాలివి. "మీ అక్క రాత చదవాలంటే నాకు వేరే కళ్ళు కావాలి" అని, రెండు వరుసలు చూసి విసుక్కుని ముద్ర కొట్టి నా చేతికి ఇచ్చేసింది. నేను చదివి ముక్కలు చేసి నీళ్ళలో వదిలేశాను.

రెండో మాట రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. రాయకపోతే నువ్వు ఎప్పుడో ఎవరి దగ్గరో గొప్పగా చెప్పేస్తావు. అందుకని రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఆ ఎర్ర సిరా పంతులు దిద్దింది కాదు. పెద్దసారుది. రోడ్డు మీద పద్నాలుగు రెట్లు వచ్చిన రోజు నేను ఆ పుస్తకం తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన కలం తీసి, నా రాత పక్కనే, "ఇది ఎక్కడా చూపకు, రోలరు మీద వచ్చిందే పంపు" అని రాసి, కింద పొట్టి సంతకం, తేదీ వేశారు. పిల్లల లెక్క దిద్దినట్టే దిద్దారు, భయం లేకుండా. తర్వాత కూడా ఏడుసార్లు అడిగాను, ఏడుసార్లూ అలాగే రాశారు. నేను తెలిసి చేశానన్నది నా రాతలో ఉంది. ఎవరు చేయించారన్నది ఆ ఎర్ర రాతలో ఉంది. రెండూ కలిపి జడ్జిగారి ముందు పెట్టాలనుకున్నాను. నిన్ను ములాఖత్‌కు రమ్మన్నది దాని గురించే.

నీ మీద కోపం లేదు. నిజంగా లేదు. నాకు చదువు వచ్చినా రెండు వందల ఆరుసార్లు తప్పు చేశాను. నువ్వు చదివింది ప్రేమతో చదివావు.

లాయరు ఒక కాగితం తెచ్చాడు. కారు కంప్యూటరులో మార్పు నేనే, ఎవరికీ చెప్పకుండా చేశానని అందులో ఉంది. సంతకం పెడితే ఏడాదిన్నరతో పోతుందట. పెట్టకపోతే విచారణ సాగుతుంది, నిన్నూ బావనూ పిలిచి పుస్తకం గురించి అడుగుతారు. నిన్ను నిలబెట్టి అడిగితే నువ్వు ఒక్క నిమిషం కూడా దాచలేవని నాకు తెలుసు. అప్పుడు నిన్ను కూడా తెచ్చి ఇక్కడే పడేస్తారు. పుస్తకం లేకపోయాక పెద్దసారు పేరు చెప్పినా నమ్మేదెవరు?

పెట్టేద్దామనుకుంటున్నాను. నాకు నేను ఇచ్చుకున్న మాట సంగతి నేను చూసుకుంటాను.

చెల్లి

ఏప్రిల్ 28

చెల్లీ, పెట్టకు.

ముందు ఆ మాట రాసి తర్వాత మిగతాది రాస్తున్నా. ఆ కాగితం మీద సంతకం పెట్టకు.

ఆవిడ వారం తర్వాత నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాక రెండు రోజులు నేను మిషను మీద ఏం కుట్టానో నాకే తెలియదు. తొడుగులన్నీ తిరగేసి కుట్టానట. పొట్టిది నోరు మూసుకుని కూర్చుని, నావి విప్పి మళ్ళీ కుట్టి పెట్టింది. దాన్ని ఇన్నాళ్ళూ తిట్టుకున్నా.

మూడో రోజు పనికి పోలేదు. నేరుగా ఆ కేసు చూసే పెద్ద అధికారి ఆఫీసుకి పోయా. బయట బెంచీ మీద పొద్దున్నించీ కూర్చోబెట్టారు. మధ్యాహ్నం లోపలికి పిలిచాడు. "నీలం పుస్తకం కాల్చింది నేనే, మా చెల్లికి తెలియదు, అందులో పెద్దసారు ఎర్ర సిరాతో రాసింది ఉంది" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశా.

"ఏం రాశాడు?" అన్నాడు.

"రోలరు మీదదే పంపు అని."

"నువ్వు చదివావా?"

అక్కడ ఆగిపోయా. చదివానని ఒక్క మాట అంటే అయిపోయేది. నోట్లోంచి రాలేదు. "మా చెల్లి చెప్పింది సారూ, నాకు ఆ రాత రాదు" అన్నా.

ఆయన బల్ల మీంచి ఒక కాగితం తీసి చదవమన్నాడు. అచ్చు అక్షరాలు. వేలు పెట్టి కూడబలుక్కున్నా. మొదటి మాట దగ్గరే కూర్చుండిపోయా. పక్కనున్న గుమస్తా నవ్వాడు. అప్పుడు సంచీలోంచి నీ పాత ఉత్తరం తీసి, "ఇది వినండి" అని, దుప్పటి కుట్టు దగ్గర్నుంచీ గడగడా చదివేశా. గుమస్తా నవ్వు ఆపేశాడు. కానీ ఆయన, "చూడమ్మా, ఎర్రగా ఉందన్నది నీ సాక్ష్యం. ఏముందన్నది నీ సాక్ష్యం కాదు" అన్నాడు. కసిరి చెప్పలేదు. జాలిగానే చెప్పాడు.

అయినా అంతా రాయించాడు. ఎర్ర సిరా ఉందని, కింద పొట్టి సంతకాలు ఉన్నాయని, ఎనిమిదిసార్లని. సంతకాల ఆకారం గీసి చూపించమంటే చూపించా. చదవడం రాకపోయినా కంటితో చూసిన కుట్టు నేను మర్చిపోను కదే. అది గీస్తుంటే ఆయన ముందుకు వంగి చూశాడు. పెద్దసారు వేరే కాగితాలు తెప్పించి దాంతో పోల్చి చూస్తానన్నాడు. అది తేలాకే నా మాటలు కోర్టుకి పంపుతాడట, దానికి పదిహేను రోజులు పడుతుందట.

నా మీద కూడా కేసు రాశారు. కేసులో పేరున్నవాళ్ళకి నీతో ములాఖత్ ఇవ్వరట. అందుకే రాలేక రాస్తున్నా. మిషను పోయింది. మీ బావ నా చెప్పులు తుడిచి గుమ్మం దగ్గర పెట్టాడు, ఆఫీసుకి మళ్ళీ పోవాలి కదా అని.

నువ్వు చేశానన్నది ఇప్పుడు నమ్ముతున్నా. నాకది మింగుడు పడలేదు కానీ నమ్ముతున్నా. చేసినదానికి పడదాం. చెయ్యనిదానికి ఎందుకు? నువ్వొక్కదానివే చేశానని సంతకం పెట్టావంటే, నేను అక్కడ చెప్పినదంతా అబద్ధమైపోతుంది. జీవితంలో మొదటిసారి ఒక ఆఫీసులో కూర్చుని నిజం రాయించా. దాన్ని చెరపకు.

ఇది ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నా. మూడు రోజుల్లో అందుతుందని కిటికీలో ఆయన అన్నాడు.

నీ అక్క

మే 5

అక్కా,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. కోపంగా ఉన్నావేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ముద్ర మేడం పది రోజులుగా సెలవులో ఉందట. ఉత్తరాలన్నీ ఆఫీసులో సంచిలోనే పడి ఉన్నాయి. ఇది కూడా ఆవిడ వచ్చాకే బయటికి వస్తుంది.

నిన్నే కోర్టుకు తీసుకెళ్ళారు. ముందే చెబితే నువ్వు మిషను వదిలేసి పరిగెత్తుకొస్తావని చెప్పలేదు. గది చిన్నది. ఫ్యాను శబ్దానికి జడ్జిగారి మాటలు సగం వినబడలేదు. లాయరు కాగితం చదివాడు. జడ్జిగారు నన్ను అడిగారు.

"ఈ పని చెయ్యమని నీకు ఎవరైనా చెప్పారా?"

"లేదండి."

"గట్టిగా."

"లేదండి."

"రాతపూర్వకంగా ఏమైనా ఉందా?"

"ఏమీ లేదండి."

పెద్దసారు మూడో వరసలో కూర్చుని ఉన్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. నా వైపు చూడలేదు. తర్వాత గుమస్తా కాగితం నా ముందుకు జరిపాడు. సంతకం పెట్టాను. చెయ్యి వణకలేదు, అలవాటైన పనే కదా.

ఏడాదిన్నర అన్నారు కానీ నాలుగేళ్ళు వేశారు. ఇంతమంది ఊపిరితో ఆడుకున్న మనిషికి అది తక్కువేనని జడ్జిగారు అన్నారు. ఆ మాట వరకు ఆయన తప్పు అనలేదు. లాయరు బయట నాతో మాట్లాడకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నువ్వు ఏడవకు. నాలుగేళ్ళు ఎంత, నువ్వు నన్ను పెంచడానికి పట్టినదాంట్లో పావు వంతు. ఇక ఈ కేసు మూసేశారు. ఇల్లు వెతకడానికి ఎవరూ రారు, నిన్నెవరూ పిలవరు, ఏమీ అడగరు. నీ మానాన నువ్వు షెడ్డుకు వెళ్ళు. పక్క మిషను పొట్టిది ఏమన్నా పట్టించుకోకు. బావతో పోట్లాడకు, పాపం ఆయన నన్ను మొదట్నుంచీ అర్థం చేసుకున్నాడు.

ముద్ర మేడం రేపు వస్తుందట. వరసలో అందరికన్నా ముందు నిలబడి, నీ ఉత్తరం ఉందేమో అడుగుతాను.

చెల్లి